సరిహద్దు అవతల మిత్యో బరువు

నెవెన పొద్దున్నే తపాలా ఆఫీసుకి వెళ్లేలోపు ఏమేం చేస్తుందో మా బ్లాకులో అందరికీ తెలుసు. మా గోడలు అలాంటివి. ముందు కాఫీ గిన్నె మూత చప్పుడు, తర్వాత రేడియో, తర్వాత "నాన్నా, చెయ్యి నా మెడ చుట్టూ వెయ్యి" అన్న మాట, ఆ వెంటనే మిత్యోని మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మార్చేటప్పుడు ఇద్దరూ కలిసి తీసే మూలుగు. కుర్చీ వంటింటి కిటికీ దాకా దొర్లుతుంది. బ్రేకు పడుతుంది, తలుపు మూసుకుంటుంది. ఇక సాయంత్రం దాకా మిత్యోకి ఆ కిటికీయే ఊరు.

మిత్యో అసలు పేరు దిమితర్. మా ఊరు పెర్నిక్‌లో పాతవాళ్లందరిలాగే బొగ్గుగనిలో పనిచేశాడు. చివరికి ఓ రోజు పైకప్పు కాస్త జారి నడుం మీద పడింది. కాళ్లు పోయాయి గానీ మనిషి తగ్గలేదు, భుజాలు ఇప్పటికీ తలుపంత వెడల్పు. నోరూ అంతే. ఎవడు కారు అడ్డంగా పెట్టాడో నాలుగో అంతస్తు కిటికీలోంచి కేకేసి మరీ చెబుతాడు.

కిందికి మాత్రం రాడు. మా లిఫ్టు చచ్చి మూడు చలికాలాలయింది. బాగుచేయించాలంటే అందరూ సంతకం పెట్టాలి. సగం ఇళ్లవాళ్లు జర్మనీలోనో స్పెయిన్‌లోనో ఉన్నారు, ఉన్నవాళ్లలో సగం మందివి కింది అంతస్తులు, వాళ్లకి లిఫ్టుతో పనేముంది? అలా ఆ సంగతి అటకెక్కింది. ఒకసారి మేం నలుగురం ఆయన్ని కుర్చీతో సహా ఆస్పత్రికి దించబోయి రెండో అంతస్తు మలుపులో ఇరుక్కుపోయాం. ఆ అంతస్తులో ఉండే గింక తన వంటింట్లో మిరపకాయలు కాలుస్తుంటే మిత్యో ఓ పక్కకి ఒరిగిపోయి చాలాసేపు అదే చూస్తూ వేలాడాడు. "ఇంకోసారి నన్ను బీరువాలా మోస్తే కరుస్తా" అన్నాడు. ఆయన అన్నాడంటే చేస్తాడు.

అందుకని ఏడాదికి ఒక్కసారే దిగుతాడు, అక్టోబరు చివర, సెయింట్ దిమితర్ రోజున, తన పేరు పండగ నాడు. పేరు పండగ నాడు ఆ పేరున్నవాళ్లు రొట్టె అంత తేలికైపోతారు కదా, ఆ రోజు నెవెన తండ్రిని ఒక చంకలో, మడిచిన కుర్చీని ఇంకో చేత్తో పట్టుకుని నాలుగంతస్తులూ హాయిగా దిగేస్తుంది. గాలికి కొట్టుకుపోకుండా ఆయన జేబుల్లో రాళ్లు వేస్తుంది. బజారు, గుడి, గనివాళ్ల బీరు కొట్టు, మళ్లీ రాత్రి పన్నెండు కొట్టేలోపు పైకి. పన్నెండు దాటిందంటే మళ్లీ బీరువాయే.

పేరు పండగ నాడు ఇంట్లోవాళ్లు ఆ మనిషిని ఎత్తుకుని ఊరు తిప్పడం మా దగ్గర ఆనవాయితీ. మనవలు నానమ్మల్ని భుజాన వేసుకుని తిరుగుతారు. నెవెనది బంతిపువ్వు పేరు. పూల పేర్లవాళ్ల పండగ ఈస్టరుకి ముందు ఆదివారం. తల్లి పోయాక నెవెనని ఎత్తుకునేవాళ్లు లేరు. ఆ రోజు తను తేలికైపోతే తండ్రిని లేపలేదు గనక గింకని సాయం పిలిచేది, కోటు జేబుల నిండా రాళ్లు నింపుకుని ఒక్కతే గుడికి వెళ్లొచ్చేది. "నలభై దాటినదాన్ని, నన్నెవరు ఎత్తుతారులే" అని నవ్వేసేది. మేమూ నవ్వేసేవాళ్లం.

గనిలో బట్టలు మార్చుకునే గదిలో ఒక కేలండరు బొమ్మ ఉండేది. పొరుగుదేశంలోని ఓహ్రిద్ సరస్సు, దాని మీదికి వంగిన రాతి అంచున చిన్న గుడి. మిత్యో పనిచేసినన్నాళ్లూ రోజూ పొద్దున్నే ఆ బొమ్మ చూసి భూమిలోకి దిగాడు. బతుకంతా కిందికి దిగడంతోనే సరిపోయింది, ఒక్కసారి ఆ రాయెక్కి నీళ్లని పైనుంచి చూస్తే చాలు అనేవాడు. నెవెన చిన్నప్పటినుంచీ వింటున్న మాటే అది. ఆ వేసవిలో డాక్టరు ఇంటికొచ్చి ఆయన ఛాతీకి గొట్టం ఆనించి విన్నాడు. ఆ ఊపిరితిత్తులకి గదిలో గాలి చాలదు, బయట కూర్చోబెట్టండి, ఇంకో రెండు చలికాలాలు ఇలాగే గడిస్తే నేను చేయగలిగిందేం లేదు అన్నాడు. బయట ఎక్కడ కూర్చోబెడుతుంది, మెట్ల మీదా? ఏడాదికి దొరికే ఆ ఒక్క రోజైనా ఈసారి బీరు కొట్టు పాలు కానివ్వకూడదని నెవెన అనుకుంది. ఆ సాయంత్రమే ఓహ్రిద్‌కి ఫోన్లు మొదలుపెట్టింది.

ఆ ఫోన్ల కథ వింటే ఎవరికైనా తల తిరుగుతుంది. ఒక హోటలాయన మెట్లే లేవన్నాడు. తర్వాత ఉన్నవి రెండే అన్నాడు. రెండుంటే లేవని ఎందుకన్నారంటే, చిన్నవి కదండీ అన్నాడు. ఇంకోచోట లిఫ్టు ఉందట, కాకపోతే మొదటి అంతస్తు నుంచి మొదలవుతుందట. మరొకరు కుర్చీ పోయే వాలు ఉందని ఫోటో పంపారు. అది వైన్ పీపాలు నేలమాళిగలోకి దొర్లించే వాలు. స్నానాలగది తలుపు ఎంత వెడల్పని అడిగితే ఒకావిడ, మా మామగారు బాగా లావు, ఆయన పడతాడు అంది. నెవెనకి తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి వెలిక అనే ఆవిడ దొరికింది. సరస్సు ఒడ్డున గదులు అద్దెకిస్తుంది, భర్త పోయాడు. ఆయన పడవలు చేసేవాడు, ఆ పడవల కొట్టునే ఇంటి కింద పెద్ద గదిగా మార్చింది. గడప ఉందా అని నెవెన అడిగింది.

"పడవ బయటికి పోవాలి కదమ్మా, గడపెందుకు పెడతాం? పడవ పట్టిన తలుపులో మీ నాన్న పట్టడా?" అంది వెలిక.

నెవెన ఫోన్ పెట్టేసి కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఇక మిగిలినవి రెండు చిక్కులు. నాలుగో అంతస్తు దిగడమెలా, ఆ రాతి గుడి మెట్లెక్కడమెలా. రెండింటికీ ఒకటే జవాబు, పేరు పండగ. తెల్లారగానే తేలికైన నాన్నని దించి కారులో కూర్చోబెట్టడం, మధ్యాహ్నానికల్లా ఓహ్రిద్, వెలిక ఇంట్లో భోజనం, కాసేపు నడుం వాల్చడం, చంకలో పెట్టుకుని గుడికెక్కడం, పన్నెండు కొట్టేలోపు ఇల్లు. బ్లాకంతా విని భేష్ అంది. గింక దారికి జున్ను పొరల బనిత్స కాల్చిచ్చింది. అందులో ఉన్న తప్పు మాలో ఒక్కరికీ తట్టలేదు.

పండగ నాడు అంతా అనుకున్నట్టే మొదలైంది. సరిహద్దు గేటు దగ్గర మా వైపు పోలీసు మిత్యో జేబుల్లో రాళ్లు తట్టి చూసి, పండగ పూట ఎక్కడికి తాతా ఊరేగింపు అని నవ్వి పంపాడు. కారు గేటు దాటింది. ముందు సీటు కిర్రుమంది. కారు ఆ పక్కకి దిగబడింది. జేబులో రాళ్లు తొడల్లో గుచ్చుకుని మిత్యో అబ్బా అన్నాడు.

అవతలి పోలీసు కాగితాలు చూశాడు, ఒరిగిన కారుని చూశాడు, విషయం అర్థమైంది. మా దిమితర్లు ఇంకా బరువుగానే ఉన్నారండీ, మా గుడి లెక్కలు పాత పంచాంగం మీద కదా, మీ పండగ ఇక్కడికి రావాలంటే ఇంకా దాదాపు రెండు వారాలు పడుతుంది అన్నాడు. పాపం మర్యాదగానే చెప్పాడు.

నెవెన కారు పక్కకి తీసి తల స్టీరింగ్ మీద పెట్టుకుంది. వెనక్కి తిప్పితే చాలు, గేటు దాటగానే ఆయన మళ్లీ తేలికవుతాడు. మన వైపే ఏదో ఊరు చూసి ఇంటికెళ్దాం నాన్నా అంది.

"మన వైపు చూసిందే. నడుపు."

"ఆ మెట్లు ఎలా ఎక్కిస్తాను నిన్ను?"

"ఎక్కలేకపోతే కిందనుంచి చూస్తా. నీళ్లు కిందనుంచి కనబడవా ఏం?"

ఓహ్రిద్‌లో సరస్సు ఒడ్డు దారి మట్టంగా, నున్నగా ఉంటుంది. మిత్యో అక్కడ కుర్చీలో కూర్చుని నీళ్లనే చూస్తూ ఉండిపోయాడు. నెవెన ఒక్కతే వెళ్లి గుడి మెట్లు చూసొచ్చింది. అవి ఇళ్ల మధ్య నుంచి ఇరుకుగా, మెలికలు తిరుగుతూ పోతున్నాయి. ఏ నలుగురు పట్టినా ఆ మనిషి, ఆ కుర్చీ అందులో పట్టవు. పైగా పట్టుకున్నవాళ్లని కరుస్తాడాయె. ఎర్రబడ్డ కళ్లతో తిరిగొచ్చిన ఆమె ముందు వెలిక వేయించిన చేపలు పెట్టింది, సంగతంతా విని తేలిగ్గా చెప్పేసింది.

"ఇందులో ఏడవడానికేముందమ్మా? మా దగ్గర పండగ ఇంకా రాలేదు. వచ్చేదాకా ఉండండి."

అదంత సులువా? ఇప్పుడు బయల్దేరితే పన్నెండులోపు పెర్నిక్ చేరి, ఇంకా తేలిగ్గా ఉండగానే ఆయన్ని పైకి చేర్చొచ్చు. ఉండిపోతే ఆయన రాయెక్కి నీళ్లు చూస్తాడు సరే, తర్వాత మా నాలుగో అంతస్తు ఎక్కేది మళ్లీ ఏడాదికే. ఇక్కడి తేలిక అక్కడ చెల్లదు. నెవెన ఇదంతా ఆవిడకి వేళ్ల మీద లెక్కపెట్టి మరీ చెప్పింది. లేచి కుర్చీ వెనకాల నిలబడి, పద నాన్నా అంది. మిత్యో బ్రేకు వేసి చేతులు కట్టుకున్నాడు. తర్వాతి సంగతి తర్వాత చూసుకోవచ్చన్నాడు.

"నీకేం నాన్నా, నువ్వు కూర్చుంటావు. మొయ్యాల్సింది నేను" అంది నెవెన.

అంత మాట ఆమె ఎప్పుడూ అనలేదు. అనేశాక తనకే భయం వేసింది. మిత్యో బ్రేకు తియ్యలేదు. వెలిక పళ్లాలు తీసుకుని లోపలికెళ్లింది. తండ్రీ కూతుళ్లు ఇద్దరూ సరస్సు వైపే చూస్తూ కూర్చున్నారు, బయల్దేరాల్సిన వేళ దాటిపోయింది. సాయంత్రం నెవెన ఆఫీసుకి ఫోన్ చేసి ఏళ్ల తరబడి వాడకుండా పడున్న సెలవులు అడిగింది. నెవెన సెలవడుగుతుందంటే అక్కడివాళ్లు నమ్మక, ఎవరండీ మీరు అన్నారట.

మర్నాడు పొద్దున్న నెవెన అలవాటైన వేళకే లేచింది. తండ్రి మంచం ఖాళీ. నాన్నా అంటూ తలుపు వైపు పరిగెత్తింది. చూస్తే ఆయన తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని పొగలు కక్కే కాఫీ తాగుతున్నాడు. మంచానికి సరిగ్గా పైన పడవల్ని లేపే దూలం ఉంది, దానికి లావుపాటి తాడు వేలాడుతోంది. ఆ తాడు పట్టుకుని తనే కుర్చీలోకి మారిపోయాడు. భుజాలు ఉండనే ఉన్నాయి కదా. నెవెన సంతోషించాల్సింది. కానీ ఏదో కోపంలాంటిది వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

ఆ రెండు వారాల్లో మిత్యో ఆ ఒడ్డుకి పాతకాపు అయిపోయాడు. బల్లల మీద బోర్లించిన పడవ సరిగ్గా కుర్చీ ఎత్తుకి ఉంటుంది. వెలిక ఒక గోకుడు కత్తి చేతిలో పెడితే పాత రంగంతా గోకిపారేశాడు, ఆ తర్వాత అదే పనైంది. పొద్దున్నే తనే చక్రాలు తిప్పుకుంటూ వెళ్లి రొట్టె కొనుక్కొచ్చేవాడు. ఆయన రొట్టె కొని ఎన్నేళ్లయిందో నెవెనకి గుర్తులేదు. ఎవడు పడవ అడ్డంగా కట్టాడో కేకేసి చెప్పేవాడు. పడవలవాళ్లు మొదట తిట్టుకున్నారు, తర్వాత ఎలా కట్టాలో ఆయన్నే అడగడం మొదలుపెట్టారు. రాత్రుళ్లు దగ్గు తగ్గింది. నెవెనకి మాత్రం పొద్దున్నే చేతులకి పనిలేక ఏం చేయాలో తోచేది కాదు. ఉతికిన బట్టలే మళ్లీ ఉతికేది.

నవంబరులో అక్కడి సెయింట్ దిమితర్ రోజు వచ్చింది. తెల్లారేసరికి మిత్యో రొట్టె అంత తేలికైపోయాడు. వెలిక ఆయన జేబుల్లో సరస్సు రాళ్లు వేసింది, నెవెన ఆయన్ని చంకలో పెట్టుకుని మెట్లెక్కింది. దారంతా జనమే. ఊళ్లో దిమితర్లందరినీ, దిమిత్రలందరినీ ఇంట్లోవాళ్లు ఎత్తుకుని గుడికి తీసుకెళ్తున్నారు. ఒక పెద్దావిడ అల్లుడి భుజం మీద కూర్చుని, నెమ్మదిగా నడవరా అని వాణ్ని మొట్టుతోంది.

రాతి అంచున పిట్టగోడ మీద నెవెన తండ్రిని కూర్చోబెట్టి కోటు పట్టుకుంది. కింద సరస్సంతా పరుచుకుని ఉంది. మిత్యో చూశాడు. కేలండరులో కంటే పెద్దదే అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. గాలికి, అన్నాడు. తర్వాత, ఇప్పుడు పెర్నిక్‌లో ఏ రోజని అడిగాడు. మామూలు రోజే నాన్నా అంది. అయితే అక్కడ నేను బరువు అన్నాడు. ఉన్నట్టుండి తన తాత గురించి ఎత్తాడు.

పూర్వం మా వైపు పాలేళ్లని, గొర్రెల కాపరుల్ని వసంతంలో సెయింట్ జార్జి రోజున పెట్టుకుని సెయింట్ దిమితర్ రోజున లెక్క తేల్చి పంపేవాళ్లు. మిత్యో తాత అలాంటి పాలేరే. ఆ రోజు యజమాని చెయ్యి కలిపి, నీ గడువు తీరింది, ఇక పో అనాలి. అనకుండా ఉంచేసుకుంటే పాపమట.

మిత్యో చెయ్యి చాపాడు. "నీ గడువు తీరిందమ్మా. ఇక పో."

"నేనేమన్నా పాలేరునా నాన్నా?"

"కాదు. పాలేరుకైతే ఏడాదికోసారి సెలవు దొరికేది."

నెవెన చెయ్యి కలపలేదు. నన్ను వదిలించుకుంటున్నావా అని అడిగింది. ఆ రోజు నేనన్న మాటకేనా ఇదంతా అంది. మిత్యో అవునన్నాడు. నువ్వన్నది నిజమే కాబట్టి అన్నాడు. వెలికతో ముందే మాట్లాడుకున్నాడట, గదికి అద్దెగా పడవలకి రంగులేస్తాడట. నువ్వు మొయ్యకపోతే నేను కిందే ఉంటా, కింద బాగుంది అన్నాడు.

"మరి ఇంట్లో నేనొక్కదాన్నే ఏం చెయ్యను?"

"అది నన్నడగకు. నాకు పడవలున్నాయి."

నెవెనకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. చెయ్యి కలిపింది. ఆ చేతికి బరువే లేదు, పట్టు మాత్రం గనివాడి పట్టే. తర్వాత ఆయన్ని మళ్లీ చంకలో పెట్టుకుని జాగ్రత్తగా మెట్లు దిగింది.

ఆమె ఒక్కతే తిరిగొచ్చింది. పొద్దుటి మూలుగు వినబడక మాకే నిద్ర చెడింది. మొదటి ఆదివారం నెవెన మధ్యాహ్నం దాకా పడుకుంటే గింక ఏదో అయిందనుకుని తలుపు బాదింది. మొదట్లో సాయంత్రాలు నెవెన ఆ ఖాళీ కిటికీ దగ్గర కూర్చుని ఏడ్చేది, అదీ మాకు వినబడింది. క్రిస్మస్ తర్వాత మంగళవారాలు హొరో నేర్పేచోటికి పోవడం మొదలుపెట్టింది, వలయంగా చేతులు పట్టుకుని ఆడే ఆట. అడుగులు తప్పుతున్నాయని నవ్వుతూ చెప్పేది. ఇంట్లోనూ ఆడేదేమో, కిందివాళ్ల పైకప్పు దడదడలాడేది, ఎవరూ ఏమీ అనలేదు.

దిమితర్ రోజుకి ఉన్న తేడా ఈస్టరుకి లేదు. ఆ లెక్క సరిహద్దుకి అటూ ఇటూ ఒకటే, కాబట్టి పూల పేర్లవాళ్ల ఆదివారం కూడా రెండుచోట్లా ఒకే రోజు. ఈసారి నెవెన ముందురోజే బస్సెక్కి ఓహ్రిద్ వెళ్లింది. ఆ తర్వాత జరిగింది వెలిక ఫోన్లో గింకకి చెప్పింది, గింక మా అందరికీ చెప్పింది.

ఆదివారం పొద్దున నెవెన తేలిగ్గా లేచింది. అలవాటు కొద్దీ కోటు తొడుక్కుని, ఒడ్డుకెళ్లి గులకరాళ్లు ఏరుకుని జేబుల్లో వేసుకోవడం మొదలుపెట్టింది. వెనకాల చక్రాల చప్పుడైంది. మిత్యో గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, చొక్కా జేబులో పండగకి తెచ్చిన విల్లో చెట్టు రెమ్మ పెట్టుకుని ఉన్నాడు.

"ఆ రాళ్లు అక్కడ పారెయ్" అన్నాడు. చేతులు చాపాడు.

"నాన్నా, నాకు నలభై దాటాయి."

"రొట్టె అంత కూడా లేవు. రా."

నెవెన చుట్టూ చూసింది. పడవలవాళ్లు తమ పని తాము చేసుకుంటున్నారు. జేబుల్లో రాళ్లు ఒక్కొక్కటే నీళ్లలో వేసేసింది. మిత్యో ఆమెని నడుం దగ్గర పట్టి ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. చక్రాలు తిప్పడానికి ఆయనకి రెండు చేతులూ కావాలి.

"చెయ్యి నా మెడ చుట్టూ వెయ్యి" అన్నాడు.

ఆమె వేసింది. ఎవరూ మూలగలేదు. మిత్యో కూతుర్ని రొట్టె కొట్టుకి, అక్కణ్నుంచి పడవల రేవుకి, ఒడ్డు పొడుగునా తిప్పాడు, దారికడ్డంగా ఉన్నవాళ్లని జరగమని కేకలేస్తూ. పొద్దుగూకేదాకా ఆమెని కింద దించలేదు.